కరెంటు మిస్వాక్

కువైట్‌లో ఉన్న మా ఆపాను చూసి రావడానికి పోయిన ఏడాది అమ్మీని తీసుకుని బయల్దేరాను. ముందు రోజు రాత్రి ఉదయగిరిలో మా ఇంటి వసారాలో రెండు పెట్టెలు, ఒక చేతిసంచీ తెరిచి పెట్టుకుని కూచున్నాం. అమ్మీ సర్దుడు చూడాలి. అడుగున ఆపాకు చీరలు, చీరల మడతల్లో చెక్క చెంచాలు, వాటి పక్కన కవరు మీద కవరు చుట్టిన గోంగూర పచ్చడి, అల్లుడికి అత్తరు, ఓ మూల తస్బీ, సుర్మా. అన్నిటికంటే పైన పాత చేతిరుమాల్లో మూటగట్టిన పళ్లపుల్లలు. సగం వేప, సగం కానుగ. అక్కడ అంగట్లో పీలు చెట్టు మిస్వాక్ ప్యాకెట్లలో అమ్ముతారమ్మీ అంటే వినలేదు. అది వాళ్ల చెట్టు, ఇది మన చెట్టు అంది.

తర్వాత నా సంచీ వంతు వచ్చింది. అందులోంచి ఒక బ్రష్షు తీసి నేను కింద పెట్టాను.

"క్యా హై రే యో?"

"బ్రష్ అమ్మీ. కరెంటుది."

చిగుళ్లు అరిగిపోతున్నాయని, బ్రష్షు మరీ గట్టిగా రుద్దుతున్నావని హైదరాబాదులో పళ్ల డాక్టరు మందలించాడు. అప్పట్నించీ ఈ రకమే వాడుతున్నాను. ఇది రెండోది, మా అమ్మాయి కొనిచ్చింది. మీట నొక్కితే గుయ్యిమంటూ దానంతటదే తోముతుంది. అమ్మీ చేతిలోకి తీసుకుని మీట నొక్కింది. అది అదిరేసరికి మంచం మీద పడేసి, పడీ పడీ నవ్వి, "కరెంటు కా మిస్వాక్" అని పేరు పెట్టింది. మా ఇంట్లో ఇప్పుడు దాని పేరు అదే.

ఆ కరెంటు మిస్వాక్‌ను ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఆ రాత్రి నేను గంటసేపు గడిపాను. పెద్ద పెట్టెలో పెట్టాను. తీశాను. చేతిసంచీ అడుగున పెట్టాను. మళ్లీ తీసి పైన పెట్టాను. నవ్వకండి.

నిజానికి నిబంధన చాలా చిన్నది. ఇట్లాంటి బ్రష్షుల్లో చాలావాటిలో ఉండేది సెల్‌ఫోనులో ఉండే రకం లిథియం బ్యాటరీయే, కాకపోతే బుల్లిది. 100 వాట్ అవర్ల లోపు బ్యాటరీ ఉన్న సొంత వాడకం వస్తువులను విమానంలో తీసుకుపోవచ్చు. బ్రష్షులో ఉండేది అందులో పదో వంతు కూడా కాదు. లిథియం బ్యాటరీ దెబ్బ తిన్నా, లోపల షార్ట్ అయినా తనను తానే వేడెక్కించుకుంటూ పోయి అంటుకుంటుంది. మనుషులున్న చోట అంటుకుంటే సిబ్బంది చూసి ఆర్పగలరు. కింద సామాన్ల అరలో అంటుకుంటే వెంటనే చూసే దిక్కుండదు. అందుకని విడి బ్యాటరీలూ పవర్ బ్యాంకులూ చేతిసంచీలోనే ఉండాలంటారు. బ్యాటరీ లోపలే బిగించి ఉన్న బ్రష్షును పెద్ద పెట్టెలో వేసినా తప్పు లేదు. కానీ పూర్తిగా ఆపేయాలి, దారిలో దానంతటది మోగకుండా చూడాలి. చేతిసంచీలో ఉంటే మరీ మంచిది. కొన్నిటికి ప్రయాణం తాళం ఉంటుంది, మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఇక మామూలుగా నొక్కినా కదలదు. తాళం లేనిదైతే గట్టి డబ్బాలో పెట్టాలి. మార్చుకునే సెల్లులతో నడిచేదైతే సెల్లు తీసేసి, దాన్ని విడిగా ఒక కవరులో చేతిసంచీలో వేసుకోవాలి. చేతిసంచీలో పేస్టు ట్యూబు 100 మిల్లీలీటర్లు దాటకూడదు. ఇది 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవాలతో విమానాలు పేల్చే కుట్రొకటి బయటపడ్డాక వచ్చింది. మా బావ అత్తరు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఇక ఛార్జరు. కువైట్ గోడల్లో మూడు పలక కాళ్ల ప్లగ్గు పడుతుంది, దానికో అడాప్టరు కావాలి. వోల్టేజీ దాదాపు మనదే.

అంతే. దీనికి గంటెందుకు?

ఎందుకంటే 2017లో నా సంచీలో బ్రష్షు మోగింది.

ఒక విమానాశ్రయం. ఏ ఊరో రాయను. రాస్తే ఆ ఊరి మీద నేరం మోపినట్టవుతుంది, అక్కడ నన్నెవరూ ఒక్క మాట అనలేదు. జర్నలిస్టుల సదస్సేదో ముగించుకుని తిరిగొస్తున్నాను. తనిఖీ వరసలో నిలబడ్డాను. భుజానికి సంచీ, చెవి దగ్గర ఫోను, అవతల అమ్మీ. మా ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ అని మేం అంటాంగానీ లక్నో వాళ్లు వింటే చెవులు మూసుకుంటారు. సగం దక్కనీ, సగం నెల్లూరు తెలుగు. నేను ఉర్దూలో చదువుకున్నాను, తెలుగులో ఉద్యోగం చేస్తున్నాను, కానీ ఆకలేస్తే, జ్వరమొస్తే నాకొచ్చేది ఈ మూడో భాషే. ఆ భాషలో అమ్మీ పక్కింటి వాళ్ల మేక మా కరివేపాకు చెట్టు తినేసిన వైనం చెప్తోంది. నేను ఊఁ కొడుతున్నాను. అంతలో సంచీ మోగడం మొదలైంది.

గుయ్యిమని ఒకటే మోత. ఆగదు. బట్టల అడుగున ఎక్కడో మీట నొక్కుకుపోయింది. ముందున్నాయన తిరిగి చూశాడు. వెనకున్నావిడ పిల్లవాడి చెయ్యి పట్టుకుని పక్క వరసలోకి మారింది. సంచీలో బ్యాటరీ ఉన్న వస్తువేదో అదురుతోంది. చేతిలో బోర్డింగ్ పాసు, దాని మీద షేక్ అని మొదలయ్యే పేరు. ఫోనులో మా అమ్మీ గొంతు. నేను ఏ భాషలో ఊఁ కొడుతున్నానో చుట్టుపక్కల వాళ్లకు అప్పటికే తెలుసు. ఇవన్నీ ఒకచోట కలిస్తే ఏమవుతుందో రెప్పపాటులో లెక్క వేశాను. లెక్క తేలేసరికి నా నోటి వెంట ఒక వాక్యం వచ్చేసింది.

"సరే అమ్మా, మళ్లీ చేస్తాను. ఉంటా."

అచ్చమైన తెలుగు. నలుగురికీ వినపడేటట్టు. బుద్ధెరిగాక మా అమ్మీని నేను అమ్మా అని ఎన్నడూ పిలవలేదు. ఖుదా హాఫిజ్ అనకుండా ఫోను పెట్టలేదు. ఆ వరసలో తెలుగు తెలిసినవాళ్లు ఎందరున్నారో తెలియదు. ఉర్దూ కాని భాష ఏదైనా సరే సరిపోతుందని అనిపించింది.

తర్వాత జరిగింది చెప్పడానికేమీ లేదు. సంచీ పక్కన పెట్టమన్నారు. నన్ను రెండడుగులు వెనక్కి జరగమన్నారు. ఏముంది లోపల అన్నారు. బ్రష్ అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. తీసి చూశారు. చిన్న కుర్రాడు, మీసం ఇంకా సరిగ్గా రాలేదు, దాన్ని ఆపబోయి నొక్కితే వేగం ఇంకా పెరిగింది. ఇద్దరు నవ్వారు, నేనూ నవ్వాను. మొత్తం నాలుగు నిమిషాలు పట్టిందేమో. విమానంలో కూచున్నాక చూసుకుంటే చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

ఈ సంగతి ఆఫీసులో ఒక మిత్రుడికి చెప్పాను. మంచివాడు, మతం పట్టింపు లేనివాడు, నా కష్టసుఖాల్లో ఉన్నవాడు. "ఓస్ అంతేనా, నా ట్రిమ్మరు కూడా ఓసారి మోగింది. బాంబు కాదులే గురూ అన్నాను, అందరం నవ్వుకున్నాం" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. నా బాధను తేలిక చేద్దామనే చెప్పాడు. కానీ ఆ మాట అతను అనగలడు. విమానాశ్రయంలో నిలబడి, నవ్వుతూ, బాంబు అనే మాట నోటితో అనగలడు. నేను మా అమ్మను అమ్మీ అనలేకపోయాను. నువ్వు మరీ ఎక్కువ ఊహించుకుంటావోయ్ అని కూడా అన్నాడు. అది నిజమే కావచ్చు. ఊహించుకోకుండా ఉండగలగడం కూడా ఒక ఆస్తేనని, అది పుట్టుకతో వస్తుందని అతనికి ఎట్లా చెప్పను?

నా ఊహ గాల్లోంచి పుట్టింది కాదు. వార్తలు రాసి బతికేవాణ్ని, వార్తలే గుర్తుంటాయి. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక హైదరాబాదు పాతబస్తీ నుంచి ఎంతమంది కుర్రాళ్లను పట్టుకుపోయారో, తర్వాత వాళ్లు నిర్దోషులుగా ఎట్లా తేలారో మా వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అబ్దుల్ కలాం అంతటి మాజీ రాష్ట్రపతిని 2009లో మన ఢిల్లీలోనే ఒక అమెరికా విమాన సంస్థ వాళ్లు ఒళ్లంతా తడిమి చూశారు. 2011లో న్యూయార్క్‌లో ఆయన కోటు, బూట్లు విప్పించారు. ఇక మనవాళ్లు బోలెడంతమంది కాపురముంటున్న టెక్సస్‌లో, డల్లాస్ పక్కన అర్వింగ్‌లో, 2015 సెప్టెంబర్ 14న అహ్మద్ మొహమ్మద్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడు పెన్సిళ్ల డబ్బాలో గడియారం బిగించి టీచరుకు చూపిద్దామని బడికి తీసుకెళ్లాడు. చేతులకు బేడీలు వేసి తీసుకుపోయారు. తర్వాత కేసు లేదన్నారు, ఒబామా శ్వేతసౌధానికి పిలిచాడు, అదంతా సరే. ఆ బేడీల ఫోటో చూసిన రోజు నేను అనుకున్నది ఒక్కటే. వాడు డబ్బా మీద మూత ఎందుకు పెట్టాడు? మూత లేకుండా, అందరికీ కనపడేట్టు తీసుకుపోయి ఉండాల్సింది. పద్నాలుగేళ్ల పిల్లవాడిదే తప్పన్నట్టు ఆలోచించాను చూడండి. రెండేళ్ల తర్వాత నా సంచీ మోగినప్పుడు కూడా తప్పంతా నా సర్దుడులోనే కనపడింది నాకు.

అమ్మీ ఆ ఫోను సంగతి వెంటనే అడగలేదు. తర్వాత రంజాన్‌కు ఉదయగిరి పోయినప్పుడు, సహరీకి లేచి ఇద్దరమే వంటింట్లో కూచున్నప్పుడు అడిగింది.

"ఆ దినం తేరే బాజూ మే కౌన్ థా రే?"

ఎవరూ లేరమ్మీ అన్నాను.

"మరి మెరేకు అమ్మా కైకు బోలా?"

పోలీసులు పట్టుకున్నారేమో, పక్కన నిలబెట్టి మాట్లాడిస్తున్నారేమోనని ఆ రాత్రంతా నిద్ర పోలేదట. తెల్లారి నేను మామూలుగా ఫోను చేసేదాకా జానమాజ్ మీద నుంచి లేవలేదట. నేను బ్రష్షు కథ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గిన్నెలో అన్నం కలుపుతూ, "నీకు మీ అబ్బా బుద్ధులే వచ్చాయిరా, ఆయన టోపీ ఇట్లనే దాచేవాడు" అంది.

నాకు గుర్తుంది. 1992 డిసెంబర్. బాబ్రీ మసీదు కూల్చిన వారానికి కాబోలు. నాకు పదకొండేళ్లు. అబ్బా చెక్క చెంచాల మూట తీసుకుని నెల్లూరు పోతూ నన్ను వెంట తీసుకుపోయాడు. మా ఊరి చెంచాల సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. దుర్గం అడవుల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారి చెక్కతో చేస్తారు. గరిటెలు, ఫోర్కులు, అన్నం వడ్డించుకునే హస్తాలు, పిడి చివర పువ్వు, చేప. చెయ్యి తిరిగినవాళ్లలో ఎక్కువమంది మా సాయిబులే, మా ఆడవాళ్లే. ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అప్పుడు అదేమీ లేదు. మూట కట్టి బస్సెక్కడమే.

ఇంట్లో బయల్దేరేటప్పుడు అబ్బా తలమీద టోపీ ఉంది. బస్సు ఆత్మకూరు బస్టాండులో ఆగింది. ఎవరో పేపరు పెద్దగా చదువుతున్నారు. పదిమంది గుమిగూడి వింటున్నారు. అబ్బా టోపీ తీసి, చక్కగా నాలుగు మడతలు పెట్టి, మూట ముడి విప్పి చెంచాల మధ్యలోకి తోశాడు. నా టోపీ కూడా తీసి తోశాడు. ఏమీ మాట్లాడలేదు. కిటికీ దగ్గర ఒకాయన "సాయిబూ, గరిటె ఎంత?" అని అడిగి బేరమాడి రెండు కొనుక్కున్నాడు. అంటే టోపీ ఉన్నా లేకపోయినా సాయిబని తెలుస్తూనే ఉంది. నెల్లూరు చేరేదాకా మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. రాత్రి తెలిసినవాళ్లింట్లో నమాజుకు నిలబడేటప్పుడు టోపీలు బయటికి తీస్తే వాటి నిండా చెక్కపొట్టు. అబ్బా దులిపి పెట్టుకున్నాడు. సజ్దాకు వంగినప్పుడల్లా ఆయన చెవి దగ్గర నుంచి పొట్టు రాలింది.

అప్పుడు నాకు ఆయన మీద కోపం వచ్చింది. పెద్దయ్యాక దాన్ని గురించి ఉర్దూలో ఒక వ్యాసం కూడా రాశాను, భయపడిన తరం అని ఏదో పెద్ద మాట వాడి. ఆయన చదివి, బాగుందిరా అన్నాడు. ఇప్పుడు ఆ వ్యాసం గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఆయన టోపీ తీసింది తన ఒక్కడి కోసం కాదు, పక్కన నేనున్నాను. ఎయిర్‌పోర్టులో నా పక్కన ఎవరున్నారు?

సామాన్ల గురించి రాస్తున్నాను కాబట్టి మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. కృష్ణదేవరాయలు ఏడాది పైన ముట్టడించి 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకున్నాడు. పోతూ పోతూ ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి, దానికోసం గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. మా ఊరి నుంచి బయటికి పోయిన వాటిలో బాగా పేరున్నది అదే. ఇంకొకటీ ఉంది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌తో కలిసి కుట్ర చేశాడని 1839లో ఉదయగిరి జాగీర్దారు మీద కంపెనీ ప్రభుత్వం నేరం మోపింది. జాగీరు లాక్కుని, ఆయన్ను చెంగల్పట్టు పంపేసింది. దేవుణ్ని మోసుకుపోయారు, తురకాయన్ను తరిమేశారు. వెళ్లేటప్పుడు ఆ జాగీర్దారు ఏం సర్దుకున్నాడో, ఏది పైన పెట్టుకున్నాడో ఏ గెజిటీరులోనూ ఉండదు.

ఇంతా చెప్పి మావాళ్లను వదిలేస్తే బాగుండదు. నా బ్రష్షు చూసి మా చుట్టం ఒకాయన గంటన్నర ఉపన్యాసం ఇచ్చాడు. మిస్వాక్ సున్నత్ అట, ఈ మోటార్లు మనకెందుకట, ఇట్లా ఒక్కొక్కటీ వదిలేస్తూ పోతే చివరికేం మిగులుతుందట. ఆయన చేతిలో సెల్‌ఫోను ఉంది, అందులో మక్కా నుంచి లైవు వస్తోంది. నేను వాదించలేదు. నోరు శుభ్రంగా ఉంచుకోవడం సున్నత్, చిగుళ్లు చీరుకుపోవడం కాదు అని మాత్రం అన్నాను. బయట ఒకరు నా సంచీలో ఏముందని చూస్తారు, ఇంట్లో ఇంకొకరు ఏం లేదని చూస్తారు. పేపర్లో నా పేరు చూసి "మీవాళ్లయినా తెలుగు ఎంత బాగా రాస్తారండీ" అని మెచ్చుకునే పెద్దమనుషులు వేరే ఉన్నారు. వాళ్ల సంగతి ఇంకోసారి.

ఈ కరెంటు బ్రష్షు మొదట ఎవరికోసం పుట్టిందో తెలిస్తే ఆ చుట్టానికి కూడా జాలి కలిగేది. 1954లో స్విట్జర్లాండ్‌లో ఫిలిప్ గై వూగ్ అనే డాక్టరు తయారుచేసినప్పుడు అది చేతులు సరిగ్గా ఆడని రోగుల కోసం, పళ్లకు తీగలు కట్టించుకున్నవాళ్ల కోసం. మా అమ్మీ వేళ్లు యాభై ఏళ్లు ఆకురాయి పట్టి, చెంచాలు నునుపు చేసీ చేసీ ఇప్పుడు గిన్నె మూత కూడా గట్టిగా పట్టలేవు. పుల్ల నమిలి కుచ్చు చేసుకోవడానికి పళ్లు ఒప్పుకుంటాయిగానీ దాన్ని తిప్పి తోమడానికి వేళ్లు ఒప్పుకోవు. అంటే మా ఇంట్లో ఆ బ్రష్షు అవసరమున్న మనిషి నేను కాదు. ఆ రాత్రి పెట్టెలు సర్దుతూ ఆ మాటే అన్నాను. "నక్కో రే" అంది. కాసేపటికి మళ్లీ చేతిలోకి తీసుకుని, ఈసారి పడేయకుండా, అరచేతిలో అదరనిస్తూ కూచుంది. వేళ్లకు హాయిగా ఉందట.

చివరికి ఇట్లా తేలింది. చెక్క చెంచాలు, ఫోర్కులు పెద్ద పెట్టెలోకి. ఫోర్కు కొన చేతిసంచీలో ఉంటే మళ్లీ అదొక ప్రశ్న అవుతుంది. అత్తరు, పచ్చడి కూడా పెద్ద పెట్టెలోకే. పుల్లల మూట అమ్మీ ఒళ్లో సంచీలోకి, దాన్ని ఎవరూ కదల్చలేరు. బ్రష్షు నా చేతిసంచీలో అన్నిటికంటే పైన, లోపలిది కనపడే ప్లాస్టిక్ డబ్బాలో. తల విడిగా, పిడి విడిగా. మీట నొక్కి పట్టి తాళం వేశాను. పడిందో లేదోనని మళ్లీ నొక్కి చూశాను. పడుకున్నాక లేచి వచ్చి ఇంకోసారి చూశాను. అమ్మీ నిద్రపోతోందనుకున్నాను.

ఎయిర్‌పోర్టులో వరస పొడుగ్గా ఉంది. సగం దూరం వచ్చేసరికి ఫోను మోగింది. కువైట్ నుంచి ఆపా. నేను ముందొకసారి, వెనకొకసారి చూశాను. ఎత్తడానికి ముందు చూశాను. అమ్మీ అది గమనించింది. ఫోను నా చేతిలోంచి లాక్కుని చెవికి ఆనించుకుంది. చెవుడు కాబట్టి అవతలివాళ్లకు కూడా చెవుడే అన్నట్టు అరిచి మాట్లాడుతుంది.

"హౌ మా, నికల్ గయే. నక్కో పూఛ్! రాత్రంతా యో పోరా ఏక్ బ్రష్ కు తాళం డాల్తా, నికాల్తా బైఠా థా!"

వెనక ఎవరో నవ్వారు. ఎవరో చూడ్డానికి నేను తిరగలేదు.